జావా సముద్రంలో నాలుగు దేశాల నౌకాదళం ఎందుకు ఓడింది? ఒక మాజీ సిగ్నల్‌మన్ సమాధానం

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. 1942లో అమెరికా, బ్రిటన్, నెదర్లాండ్స్, ఆస్ట్రేలియా ఓడలు కలిసి జపాన్ మీదకు వెళ్ళి ఒక్క రోజులో చితికిపోయాయి కదా, ఒకరి భాష ఒకరికి రాకపోవడమే దానికి కారణమా అన్నది మొదటిది. అదే పసిఫిక్‌లో తర్వాత అనేక దేశాల దళాలు బాగానే పనిచేశాయి కదా, అది ఎలా సాధ్యమైంది అన్నది రెండోది. డచ్ అడ్మిరల్ "దాడి చేస్తున్నాను, నా వెనకే రండి" అని సిగ్నల్ ఇచ్చాడన్నది నిజమేనా అన్నది మూడోది.

ముందే చెప్పేస్తాను. భాష కాదండీ అసలు సమస్య, సిగ్నల్ పుస్తకం. డచ్ ఆఫీసర్లలో చాలామందికి ఇంగ్లీషు శుభ్రంగా వచ్చు. ఆ దళానికి లేనివి వేరే ఉన్నాయి: అందరి దగ్గరా ఉండాల్సిన ఒకే సిగ్నల్ పుస్తకం, కలిసి సాధన చేసే వ్యవధి, పైనుంచి చూసి చెప్పే విమానం. ఇందులో మొదటిది నా పని కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తాను, ఓపిగ్గా చదవండి.

నేను నేవీలో 15 ఏళ్ళు సిగ్నల్ బ్రాంచిలో చేశాను. చిల్కాలో చేరిక, కొచ్చి సిగ్నల్ స్కూల్లో చదువు, తర్వాత అంతా ఓడల మీద బ్రిడ్జి (కెప్టెన్ నిలబడి ఓడ నడిపించే చోటు) పక్కనే. జెండాలు, ల్యాంపు (వెలుగు మినుకుమినుకుమనిపించి కోడ్‌లో మాటలు పంపేది), వాయిస్ రేడియో, ఇదే జీవితం. విదేశీ ఓడలతో కలిసి చేసే విన్యాసాలు ఐదారింట్లో ఉన్నాను. యుద్ధం చూడలేదు. కానీ పక్క ఓడ సిగ్నల్ అర్థం కానప్పుడు బ్రిడ్జి మీద నిలబడే కెప్టెన్ మొహం ఎలా ఉంటుందో బాగా తెలుసు.

ముందు ఈ దళం ఎలా పుట్టిందో చూద్దాం. 1942 జనవరిలో జపాన్ ఆగ్నేయాసియాను ఊడ్చుకుంటూ వస్తుంటే నాలుగు దేశాలూ హడావిడిగా ఒక ఉమ్మడి కమాండ్ పెట్టాయి. నాలుగు పేర్ల మొదటి అక్షరాలు కలిపి దానికి ఏబీడీఏ అని పేరు. పైన జనరల్ వేవెల్ (తర్వాత మన దేశానికి వైస్రాయ్‌గా వచ్చినాయనే), ఆఫీసు జావాలో బాండుంగ్ దగ్గర లెంబాంగ్‌లో. నౌకాదళానికి ముందు అమెరికన్ అడ్మిరల్ థామస్ హార్ట్, ఫిబ్రవరి మధ్యలో ఆయన్ని మార్చి డచ్ అడ్మిరల్ హెల్‌ఫ్రిచ్. సముద్రంలో ఓడల్ని నడిపించింది రియర్ అడ్మిరల్ కారెల్ డోర్మన్. మొత్తం ఏబీడీఏ బతికింది ఆరు వారాలు. ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది, 25న వేవెల్ జావా వదిలి వెళ్ళిపోయాడు, 27న యుద్ధం. అంటే పై కమాండ్ రద్దయిపోయిన రెండు రోజులకు కింది ఓడలు యుద్ధానికి వెళ్ళాయి.

నాలుగు దేశాల లక్ష్యం ఒకటి కూడా కాదు. డచ్ వాళ్ళకు జావా ఇల్లు, దాన్ని కాపాడుకోవాలి. బ్రిటిష్ వాళ్ళ ధ్యాస ఫిబ్రవరి మధ్య దాకా సింగపూర్‌కు వెళ్ళే కాన్వాయ్‌ల (కాపలాతో వెళ్ళే ఓడల గుంపుల) మీదే. మన రాయల్ ఇండియన్ నేవీ స్లూప్‌లు (చిన్న కాపలా యుద్ధనౌకలు) జమునా, సట్లెజ్ కూడా ఆ కాన్వాయ్ ఎస్కార్ట్ పనిలోనే అటు తిరిగాయి. ఆస్ట్రేలియా వాళ్ళకు తమ ఇంటి గుమ్మం గురించి టెన్షన్. ఫిబ్రవరి 19న డార్విన్ మీద బాంబులు పడ్డాయి కూడా.

ఇక 27వ తేదీ. డోర్మన్ దగ్గర ఐదు క్రూయిజర్లు (పెద్ద తుపాకుల యుద్ధనౌకలు): డచ్ వాళ్ళ డి రూయ్టర్, జావా, బ్రిటిష్ ఎక్సెటర్, అమెరికన్ హ్యూస్టన్, ఆస్ట్రేలియన్ పెర్త్. తొమ్మిది డిస్ట్రాయర్లు (వాటికన్నా చిన్నవి, వేగంగా పోయేవి): నాలుగు అమెరికావి, మూడు బ్రిటిష్‌వి, రెండు డచ్‌వి. అవతల రియర్ అడ్మిరల్ తకాగి దగ్గర నాచి, హగురో అనే రెండు భారీ క్రూయిజర్లు, రెండు తేలిక క్రూయిజర్లు, 14 డిస్ట్రాయర్లు. ఓడల లెక్క చూస్తే మరీ ఘోరం కాదు. కానీ హ్యూస్టన్ వెనక టరెట్ (పెద్ద తుపాకులు బిగించిన గూడు) ఫిబ్రవరి 4నే బాంబు దెబ్బకు పోయింది, తొమ్మిది పెద్ద తుపాకుల్లో ఆరే పనిచేస్తున్నాయి. అమెరికన్ డిస్ట్రాయర్లు మొదటి ప్రపంచయుద్ధం నాటి డిజైన్, నాలుగు పొగగొట్టాల పాత ఓడలు. మనుషులకు సరైన నిద్ర లేదు.

సిగ్నల్ అంటే ఏమిటో కాస్త చెప్పాలి. లేకపోతే ఆ రోజు సాయంత్రం ఏం జరిగిందో అర్థం కాదు. ఫ్లాగ్‌షిప్, అంటే అడ్మిరల్ ఉన్న ఓడ, జెండాలు ఎగరేస్తుంది. ప్రతి ఓడా అవే జెండాలు తన తాడు మీద సగం దాకా ఎగరేస్తుంది, "చూశాను" అని అర్థం. పుస్తకం తిప్పి అర్థం పట్టుకున్నాక పూర్తిగా పైకి లాగుతుంది, "అర్థమైంది" అని. అందరివీ పైకి వచ్చాక ఫ్లాగ్‌షిప్ తన జెండాలు దించుతుంది. దించిన క్షణమే ఆజ్ఞ అమలు. ఎగరేయడం ఆజ్ఞ అనుకుంటారు చాలామంది, కాదు, దించడం. ఈ పద్ధతిలో ఉన్న అందమేమిటంటే ఒక్క ఓడకు అర్థం కాకపోయినా అడ్మిరల్‌కు కనపడిపోతుంది.

ఇదంతా పుస్తకం ఒకటే అయినప్పుడు. అమెరికన్ పుస్తకంలో ఒక జెండాల వరసకు ఉన్న అర్థం బ్రిటిష్ పుస్తకంలో ఉండదు, డచ్ పుస్తకం ఇంకోటి. డోర్మన్ దళానికి ఒకే పుస్తకం చేసి, ముద్రించి, పంచి, నేర్పే వ్యవధి దొరకలేదు. అందుకని డోర్మన్ ఉన్న డి రూయ్టర్ మీద రెండు నేవీల మధ్య మాట చేర్చడానికి ఒక అమెరికన్ లయజన్ ఆఫీసర్‌నీ కొందరు సిగ్నల్‌మన్‌లనూ ఎక్కించారు. డోర్మన్ ఆజ్ఞ ఇస్తే, దాన్ని మామూలు ఇంగ్లీషులోకి మార్చి, ల్యాంపుతోనో రేడియోతోనో హ్యూస్టన్‌కు పంపితే, అది తన డిస్ట్రాయర్లకు తన వాయిస్ రేడియోలో చెప్పాలి. యుద్ధంలో రేడియో చెడింది, ల్యాంపే మిగిలింది. మధ్యలో పొగ.

లెక్క వేసుకోండి. ల్యాంపు మీద మంచి సిగ్నల్‌మన్ నిమిషానికి పది పన్నెండు మాటలు పంపుతాడు. ఓడలు 25 నాట్ల వేగంతో పోతున్నాయి, అంటే నిమిషానికి ముప్పావు కిలోమీటరు. ఒక వాక్యం పంపి, దాన్ని ఇంకో ఓడ మరో ఓడకు చెప్పేలోపు అందరూ రెండు మూడు కిలోమీటర్లు జరిగిపోయి ఉంటారు. ఆజ్ఞ చేరేసరికి దాని అవసరం తీరిపోతుంది.

సాయంత్రం నాలుగుంపావు ప్రాంతంలో కాల్పులు మొదలయ్యాయి. దాదాపు గంట సేపు ఎవరికీ పెద్ద నష్టం లేదు. ఐదు దాటాక ఒక భారీ గుండు ఎక్సెటర్ బాయిలర్ గదిలోకి దిగింది, వేగం పడిపోయింది. డి రూయ్టర్ వెనక రెండోదిగా వెళ్తున్న ఎక్సెటర్ వెనక ఓడకు అడ్డం కాకూడదని ఎడమకు తిరిగి పక్కకు తప్పుకుంది. దాని వెనకున్న హ్యూస్టన్ ఏమనుకుంది? "తిరగమని సిగ్నల్ వచ్చి ఉంటుంది, మేమే చూడలేదు." తనూ తిరిగింది. పెర్త్, జావా తిరిగాయి. డోర్మన్ ఒక్కడే ముందుకు పోతూ వెనక్కి చూస్తే ఎవరూ లేరు! అదే సమయంలో జపాన్ టార్పెడోలు వచ్చాయి, డచ్ డిస్ట్రాయర్ కోర్టెనార్ రెండు ముక్కలైంది.

ఇక్కడ హ్యూస్టన్‌ను తప్పుపట్టలేం. వరసలో వెళ్తున్నప్పుడు రెండు రకాల మలుపులుంటాయి. ముందు ఓడ తిరిగిన చోటికి వచ్చాక ఒకదాని వెనక ఒకటి తిరగడం ఒకటి, అందరూ ఒకే క్షణంలో ఉన్న చోటే తిరగడం ఇంకోటి. టార్పెడోలు వస్తుంటే రెండోదే చేస్తారు. కలిసి సాధన చేసిన దళమైతే "సిగ్నల్ లేకుండా మన అడ్మిరల్ ఇలా తిప్పడు" అనే నమ్మకం ఉంటుంది. ఈ ఐదు ఓడలూ ఒకే వరసలో కదలడం మొదలుపెట్టి సరిగ్గా ఒక రోజు. ఎక్సెటర్, పెర్త్ ముందురోజే వచ్చి చేరాయి.

నా అనుభవం ఒకటి చెప్తాను, చాలా చిన్నది. ఒక విన్యాసంలో విదేశీ ఓడతో వరసలో వెళ్తున్నాం. పుస్తకం ఒకటే, నెల ముందే ఇచ్చారు, రేవులో కూర్చుని రెండు రోజులు రిహార్సల్ కూడా చేశాం. అయినా సరే, వాళ్ళ ఆపరేటర్ రేడియోలో అంకెలు చెప్పే యాస మా కుర్రాడికి అందలేదు. మళ్ళీ అడగడానికి మొహమాటపడి విన్నదే రాశాడు. మేం తిరగాల్సిన దానికన్నా ఎక్కువ తిరిగాం. పట్టపగలు, ప్రశాంతమైన సముద్రం, శత్రువు లేడు, ఓడల మధ్య దూరం బోలెడు. ఏమీ కాలేదు, చీవాట్లు తప్ప. రేడియోలో 'ఫైవ్'ని 'ఫైఫ్' అనీ 'నైన్'ని 'నైనర్' అనీ పలకమనేది ఇందుకేనని ఆ రోజు వాడికి ఒంటబట్టింది. దీన్నే పొగలో, గుళ్ళ మధ్య ఊహించుకోండి.

ఆ సాయంత్రం వరసగా వెళ్ళిన సిగ్నళ్ళు చూస్తే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. అమెరికన్ డిస్ట్రాయర్లకు "ఎదురుదాడి చేయండి" అని వచ్చింది. వెంటనే "రద్దు". తర్వాత "పొగ వేయండి". తర్వాత "నేను వెనక్కి తగ్గుతున్నాను, కవర్ చేయండి". ఎలా కవర్ చేయాలో వాళ్ళే నిర్ణయించుకుని టార్పెడో దాడికి వెళ్ళారు, ఒక్కటీ తగల్లేదు. టార్పెడోలు అయిపోయాయి కాబట్టి జావాలోని సురబయ రేవుకు వెళ్ళిపోయారు. బ్రిటిష్ డిస్ట్రాయర్ ఎలక్ట్రా అప్పటికే మునిగింది. రాత్రి తొమ్మిది దాటాక ఇంకో బ్రిటిష్ డిస్ట్రాయర్ జూపిటర్ పేలిపోయింది, డచ్ వాళ్ళు ఆ రోజే వేసిన మైన్లకు తగిలి ఉంటుందని ఎక్కువమంది అభిప్రాయం. మూడో బ్రిటిష్ డిస్ట్రాయర్ ఎన్‌కౌంటర్ కోర్టెనార్ మనుషుల్ని నీళ్ళలోంచి ఎత్తుకుని, 113 మందిని, సురబయ వెళ్ళింది. చివరికి నాలుగు క్రూయిజర్లు, ఒక్క డిస్ట్రాయర్ తోడు లేకుండా.

మొదట్లో చెప్పిన మూడో లోటు: కళ్ళు లేకపోవడం. రాత్రి యుద్ధం అనుకుని క్రూయిజర్లు తమ చిన్న విమానాల్ని ఒడ్డునే వదిలేశాయి. ఫైటర్లు పంపమని అడిగినా ఓడల మీదకు రాలేదు. జపాన్ వాళ్ళ సీప్లేన్లు మాత్రం పగలు గుళ్ళు ఎక్కడ పడుతున్నాయో చూసి చెప్పాయి, రాత్రి డోర్మన్ ఎటు తిరిగితే అటు వెలుగు దివిటీలు జారవిడిచాయి. దళం ఎంత మెలికలు తిరిగినా దారి పొడుగునా దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. రాత్రి పదకొండున్నర ప్రాంతంలో టార్పెడోలు తగిలి డి రూయ్టర్, జావా రెండూ పోయాయి. బతికున్నవాళ్ళ కోసం ఆగవద్దు, బటావియా (ఇప్పటి జకార్తా) వెళ్ళిపొమ్మని హ్యూస్టన్, పెర్త్‌లకు చెప్పి డోర్మన్ తన ఓడతోనే వెళ్ళిపోయాడు. ఆ ఒక్క యుద్ధంలో సుమారు 2,300 మంది పోయారు. జపాన్ ఓడ ఒక్కటీ మునగలేదు. జావా మీద దిగడం ఒక్క రోజు ఆలస్యమైంది, అంతే.

మర్నాటి రాత్రి హ్యూస్టన్, పెర్త్ సుండా జలసంధిలో మునిగాయి. హ్యూస్టన్ మీద 1,061 మంది ఉంటే బతికింది 368. మార్చి 1న ఎక్సెటర్, ఎన్‌కౌంటర్, అమెరికన్ డిస్ట్రాయర్ పోప్ కూడా పోయాయి. ఈ పోప్ మీద బాంబులు వేసింది ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి వచ్చిన విమానాలు. ఆ పేరు మా విశాఖ వాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. ఐదు వారాల తర్వాత, 1942 ఏప్రిల్ 6న, విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేసింది ఆ ర్యూజో విమానాలే. జావా సముద్రం మనకు దూరమేమీ కాదు.

నేను చెప్పిన ఈ కారణాలకు ఒక మినహాయింపు. సిగ్నళ్ళు సరిగ్గా ఉంటే డోర్మన్ గెలిచేవాడా? నా ఉద్దేశంలో లేదు. జపాన్ వాళ్ళ టైప్ 93 టార్పెడో ఆక్సిజన్‌తో నడిచేది, మిత్రరాజ్యాలు ఊహించనంత దూరం వెళ్ళేది. పైన ఆకాశం పూర్తిగా వాళ్ళది. మంచి సిగ్నళ్ళుంటే ఓటమి ఇంత ఘోరంగా ఉండేది కాదు, రెండు మూడు ఓడలు ఆస్ట్రేలియా చేరేవి. జపాన్ వాళ్ళు కూడా ఆ రోజు వందకు పైగా టార్పెడోలు వదిలితే తగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాళ్ళేమీ మానవాతీతులు కారు.

ఇక మీ రెండో ముక్క. దీనికి మంచి ఉదాహరణ టాస్క్ ఫోర్స్ 44. 1942 ఫిబ్రవరిలోనే, అంటే డోర్మన్ ఇంకా బతికుండగానే, ఆస్ట్రేలియా తూర్పు వైపున ఆంజాక్ స్క్వాడ్రన్ అని ఒకటి మొదలైంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, అమెరికా ఓడలు, నడిపింది రియర్ అడ్మిరల్ జాన్ క్రేస్. ఏప్రిల్లో దాని పేరు టాస్క్ ఫోర్స్ 44 అయింది. తేడా ఏమిటంటే వీళ్ళకు నెలలు దొరికాయి. గస్తీ తిరుగుతూ, కలిసి ఇంధనం నింపుకుంటూ ఒకరి అలవాట్లు ఒకరు నేర్చుకున్నారు. మే 7న కోరల్ సముద్రంలో జపాన్ టార్పెడో విమానాలు క్రేస్ మీద పడితే ఓడలన్నీ తప్పించుకున్నాయి. తమాషా ఏమిటంటే కాసేపటికే అమెరికా బీ-17 బాంబర్ విమానాలు శత్రువులనుకుని వీళ్ళ మీదే బాంబులు వేశాయి! అదృష్టం కొద్దీ తగల్లేదు. ఓడలు ఒకదాన్నొకటి గుర్తుపట్టడం నేర్చుకున్నాయి, పై విమానాలు ఇంకా నేర్చుకోలేదు.

అలాగని కలిసి సాధన చేస్తే చాలు అనుకోవద్దు. అదే దళం, క్రేస్ తర్వాత వచ్చిన క్రచ్లీ కింద, ఆగస్టు 8-9 రాత్రి సోలమన్ దీవుల్లోని సావో దీవి దగ్గర కంటతడి పెట్టించే దెబ్బ తింది. క్రచ్లీని మీటింగుకు పిలిచారు, ఆయన తన క్రూయిజర్ ఆస్ట్రేలియాతో సహా వెళ్ళాడు. ఆయన లేడన్న సంగతి ఉత్తరాన కాపలా ఉన్న ఓడలకు చెప్పినవాడు లేడు. జపాన్ అడ్మిరల్ మికావా ఓడలు చీకట్లో వచ్చి ఆస్ట్రేలియన్ కాన్‌బెరానూ మూడు అమెరికన్ క్రూయిజర్లనూ పొట్టన పెట్టుకున్నాయి. అక్కడ పుస్తకం ఉంది, పరిచయం ఉంది. పెద్దాయన లేనప్పుడు ఎవరు పెద్ద అన్నది అందరికీ తెలియలేదు, అంతే.

కానీ ఆ దళం చెదిరిపోలేదు. 1943 మార్చిలో టాస్క్ ఫోర్స్ 74గా మారి, న్యూ గినీ నుంచి ఫిలిప్పీన్స్ దాకా వెళ్ళింది. కాన్‌బెరాకు బదులుగా బ్రిటన్ ఇచ్చిన ష్రాప్‌షైర్ 1944 అక్టోబర్ 25న సురిగావో జలసంధిలో అమెరికన్ ఓడల సరసన కాల్పులు జరిపింది. రెండున్నరేళ్ళ కాపురం మరి.

1945లో బ్రిటిష్ పసిఫిక్ ఫ్లీట్ వచ్చినప్పుడు వాళ్ళు చేసిన పని నాకు అన్నిటికన్నా నచ్చుతుంది. అమెరికన్ల పక్కన పనిచేయాలి కాబట్టి రాయల్ నేవీ తన సిగ్నల్ పుస్తకాలు పక్కన పెట్టి అమెరికన్ పుస్తకాలు నేర్చుకుంది. ఎంత గర్వం ఉన్న నేవీనో తెలిసినవాళ్ళకు ఇది ఎంత పెద్ద సంగతో తెలుస్తుంది. ఒకినావా దాడుల్లో వాళ్ళు టాస్క్ ఫోర్స్ 57, అందులో న్యూజిలాండ్, కెనడా, ఆస్ట్రేలియా ఓడలు కూడా. సముద్రంలో ఇంధనం నింపడంలో మాత్రం అమెరికన్ల వేగం వాళ్ళకు ఎప్పటికీ రాలేదు. ఓడ వెనక గొట్టం తేలేసి నింపే పాత పద్ధతితో గంటలు గంటలు పట్టేది, అమెరికన్లు పక్కపక్కన నడుస్తూ నింపేవాళ్ళు.

చివరగా ఆ సిగ్నల్. 27 మధ్యాహ్నం డోర్మన్ ఇంధనం కోసం సురబయ వైపు తిరిగి రేవు దారిలోకి వచ్చేశాడు. అప్పుడే జపాన్ కాన్వాయ్ దగ్గర్లో ఉందని కబురు. అక్కడికక్కడే ఓడ తిప్పి ఇచ్చిన సిగ్నల్ సారం "అన్ని ఓడలూ నన్ను అనుసరించండి" అన్నదే. "దాడి చేస్తున్నాను" అనే వీరమాట తర్వాత నెదర్లాండ్స్‌లో జనం నోట పెరిగి స్థిరపడింది. ఓడిపోయిన దేశానికి అలాంటి మాట కావాలి, అర్థం చేసుకోగలం. సిగ్నల్‌మన్‌గా నాకైతే అసలు సిగ్నలే నచ్చుతుంది. పుస్తకం తెరవక్కర్లేదు. ఆ రోజు నాలుగు నేవీలకూ ఒకేలా అర్థమైన ఆజ్ఞల్లో అదొకటి, మిగతా 13 ఓడలూ ఆయన వెనకే తిరిగాయి.

అన్నట్టు, 2002లో డైవర్లు డి రూయ్టర్, జావా శిథిలాలు కనుక్కున్నారు. 75 ఏళ్ళ స్మారకం కోసం 2016లో మళ్ళీ దిగి చూస్తే సముద్రం అడుగున ఓడల ఆకారంలో గుంటలు మాత్రం ఉన్నాయి. ఇనుము కోసం ఎవరో మొత్తం కోసుకుపోయారు.